ముక్కు పైకప్పులో పుట్టి వెన్నుకు దిగే గడ్డ: ఎస్తీజియోన్యూరోబ్లాస్టోమా వైద్యం

రెండు కళ్ల మధ్య, ముక్కుకీ మెదడుకీ నడుమ జల్లెడలా సన్న చిల్లులున్న పల్చటి ఎముక ఒకటి ఉంటుంది. వాసన తెలిపే నరాల పోగులు ఆ చిల్లుల్లోంచే పైకి వెళ్తాయి. ఆ పోగులు మొదలయ్యే పొరలో పుట్టే క్యాన్సర్ పేరు ఎస్తీజియోన్యూరోబ్లాస్టోమా. రిపోర్టుల్లో ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా అని కూడా రాస్తారు, రెండూ ఒకటే. 1924లో ఫ్రాన్సులో బెర్జే, లూక్, రిషార్ అనే ముగ్గురు దీన్ని మొదటిసారి వర్ణించారు. పది లక్షల మందిలో ఏడాదికి ఒక్కరికి కూడా రాని జబ్బు ఇది. ఊళ్లో ఈఎన్‌టీ డాక్టరు తన సర్వీసు మొత్తంలో ఒకటో రెండో చూస్తే చూస్తారు, అంతే.

ఇంటర్నెట్‌లో న్యూరోబ్లాస్టోమా అని కొడితే వచ్చేదంతా పసిపిల్లలకు కిడ్నీ మీది గ్రంథిలో వచ్చే జబ్బు గురించి. పేరు కలిసింది గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. అక్కడి మందుల జాబితా చూసి ఇక్కడ ఆశపడటం, భయపడటం రెండూ దండగ.

మొదట్లో దీని లక్షణాలు మరీ మామూలుగా ఉంటాయి. ఒక పక్క ముక్కు దిబ్బడ, ఆ పక్కనుంచే అప్పుడప్పుడు రక్తం, వాసన తగ్గడం. ‘ముక్కులో కండ పెరిగింది’ అనుకుని నెలలు గడిచిపోతాయి. అలర్జీతో వచ్చే పాలిప్‌లు సాధారణంగా రెండు వైపులా ఉంటాయి. ఒక్క వైపే కండ కనిపిస్తే ముందు సీటీ, ఎమ్మారై, ఆ తర్వాతే ముక్క పరీక్ష. ఈ వరస తప్పితే, కండ అనుకున్నది మెదడు పొర కిందికి జారిన సంచి అయి మెదడు నీరు కారడం మొదలవ్వొచ్చు. లేదా రక్తనాళాలు నిండిన గడ్డ అయి ఓపీ గదిలో రక్తం ఆగకపోవచ్చు. ఇంతకన్నా మామూలుగా జరిగే తప్పు, పాలిప్ అని తీసి పాథాలజీకి పంపకుండా పారేయడం. తీసిన ప్రతి ముక్కా ఫార్మలిన్ సీసాలోకి వెళ్లాల్సిందే.

ఆ ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే చిన్న చిన్న గుండ్రటి నీలి కణాలు గుంపులు గుంపులుగా, ద్రాక్ష గుత్తుల్లా కనిపిస్తాయి. ఒక్కో గుంపు అంచున సన్నటి తోక కణాలు కంచె కట్టినట్టు ఉంటాయి. ఎస్-100 రంగు ఆ కంచెకే అంటుతుంది, లోపలి కణాలకు సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అంటుతాయి. ఈ రంగులన్నీ చూసుకున్నాకే ఈ పేరు పెట్టాలి. ఎందుకంటే ముక్కులో నీలి గుండ్రటి కణాలతో వచ్చే జబ్బులు అరడజను దాకా ఉన్నాయి: లింఫోమా, మెలనోమా, ర్యాబ్డోమయోసార్కోమా, ఈవింగ్ సార్కోమా, సైనోనేజల్ అన్‌డిఫరెన్షియేటెడ్ కార్సినోమా. వీటిలో ఒక్కోదానికి ఒక్కో వైద్యం. కాబట్టి స్లైడ్లు, ముక్కను దాచిన మైనపు బ్లాకులు పట్టుకెళ్లి తల-మెడ క్యాన్సర్లు ఎక్కువగా చూసే పెద్ద సెంటర్‌లో రెండోసారి చదివించుకోవడం ఈ జబ్బులో అదనపు ఖర్చు కాదు, వైద్యంలో మొదటి మెట్టు.

స్టేజీ చెప్పడానికి 1976 నాటి కాడిష్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ముక్కులోనే ఉంటే ఏ, సైనస్‌లలోకి వెళ్తే బీ, అదీ దాటి కంటిగూటికో మెదడుకో చేరితే సీ. మెడలోని లింఫు గ్రంథులకో దూరపు అవయవాలకో పాకితే డీ అని 1993లో చేర్చారు. వెన్నుకు చేరినదంతా డీనే. కానీ నన్నడిగితే ఈ అక్షరం కన్నా, మైక్రోస్కోపు కింద కణాల తీరు చూసి ఇచ్చే హయమ్స్ గ్రేడు ముఖ్యం. ఒకటి, రెండు గ్రేడులు నిదానంగా నడుస్తాయి. మూడు, నాలుగు త్వరగా పరుగెత్తుతాయి, కీమోకి లొంగే అవకాశం కూడా వాటికే ఎక్కువ. రిపోర్టులో గ్రేడు లేకపోతే అడిగి రాయించుకోవాలి.

మొదటి వైద్యం గురించి క్లుప్తంగా చెప్తాను. ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ జల్లెడ ఎముక, దాని మీది మెదడు పొర, వాసన నరపు ఉబ్బు కూడా తీసి, తొడ మీది పొరతోనో ముక్కు నడిగోడ తోలుతోనో కప్పు వేస్తారు. ఇప్పుడు చాలావరకు ముక్కులోంచే ఎండోస్కోపుతో చేస్తున్నారు. తర్వాత ఆరు వారాల పాటు సుమారు 60 గ్రే (డోసు కొలత) రేడియేషన్, అంటే మనవాళ్లు కరెంటు పెట్టడం అనేది. కంటి నరాలకు 54 గ్రే దాటకూడదు కాబట్టి కొందరికి ప్రోటాన్ రేడియేషన్ మేలు. చెన్నైలో అది 2019 నుంచి ఉంది.

ఇక వెన్ను సంగతి. ఈ జబ్బుకు ఒక చెడ్డ గుణం ఉంది: చాలా ఆలస్యంగా తిరిగొస్తుంది. ఐదేళ్లు దాటితే గండం గడిచిందనే లెక్క దీనికి వర్తించదు. పదేళ్ల తర్వాత, ఇంకా తర్వాత కూడా మెడలోనో ఎముకలోనో తేలవచ్చు. ముక్కు ఆపరేషన్ సంగతి ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయిన కాలంలో నడుము నొప్పి మొదలవుతుంది. ఆర్థోపెడిక్ డాక్టరుకు ‘పన్నెండేళ్ల కింద ముక్కులో గడ్డ తీశారు’ అని ఎవరూ చెప్పరు. నడుముకూ ముక్కుకూ సంబంధమేమిటని ఊరుకుంటారు. సయాటికా అని మాత్రలు, ఆయిల్ మసాజు, నడుము తొక్కించుకోవడం. పుచ్చిన పూస మీద పిల్లాణ్ణి ఎక్కించి తొక్కిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వెన్నుకు ఇది రెండు దారుల్లో వస్తుంది. ఏ దారిన వచ్చిందో తేలాకే వైద్యం గురించి మాట్లాడాలి, అంతవరకు ఏ డోసు చెప్పినా గాల్లో లెక్కే.

మొదటిది రక్తం దారి. కణాలు వెన్నుపూస ఎముకలో దిగి, ఎముకను తిని, వెనక్కి పెరిగి వెన్నుపామును నొక్కుతాయి. రెండోది మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే మెదడు నీటి దారి. పైన మెదడు పొర దాటిన గడ్డ నుంచి కణాలు ఆ నీటిలో రాలి, బావిలో మట్టి అడుక్కి దిగినట్టు వెన్నుపాము పొరల మీద, ముఖ్యంగా నడుము కిందిభాగంలోని నరాల మీద పేరుకుంటాయి. మొదటిదాంట్లో పూస మీద తడితే నొప్పి ఉంటుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. రెండోదాంట్లో పూస నొప్పి లేకుండానే కాళ్లలో తిమ్మిరి, మంట, మూత్రం పట్టు తప్పడం, కొందరికి తలనొప్పి.

రెండూ చూడాలంటే మెడ నుంచి తోక ఎముక దాకా మొత్తం వెన్నెముకకు గ్యాడోలీనియం అనే కాంట్రాస్ట్ మందుతో ఎమ్మారై తీయించాలి. నొప్పి నడుములో ఉందని నడుము వరకే తీయించి ఆగడం పెద్ద పొరపాటు, వీపు పూసల్లో ఇంకో గడ్డ నక్కి ఉండొచ్చు. మెదడు ఎమ్మారై కూడా అప్పుడే కానివ్వాలి. నడుములో నీరు తీసే పరీక్ష ఎమ్మారై తర్వాతే చేయాలి. ముందు సూది గుచ్చితే ఆ కారణంగానే పొరలు స్కాన్‌లో వెలుగుతాయి, జబ్బో సూది ప్రభావమో తేలదు. వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నచోటుకు కింద నీరు తీస్తే కాళ్లు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. కణాల పరీక్షకు నీరు 10 మి.లీ.కి తగ్గకుండా పంపి, గంటలోపు ల్యాబుకు చేర్చాలి. మొదటిసారి ఏమీ లేదని వస్తే దాన్ని నమ్మేయకుండా రెండోసారి చేయించాలి.

ఇక్కడ మన దేశంలో మరో చిక్కుంది: వెన్నుపూస టీబీ. పెట్ స్కాన్‌లో అది కూడా క్యాన్సర్‌లాగే మెరుస్తుంది. టీబీ ఎక్కువగా రెండు పూసల మధ్య డిస్కును తినేస్తుంది, క్యాన్సర్ డిస్కును వదిలి పూసను తింటుంది. కానీ ఇది కొండగుర్తే, తీర్పు కాదు. ఏళ్ల తర్వాత మొదటిసారి పూసలో మచ్చ కనిపిస్తే సీటీ చూస్తూ సూదితో ముక్క తీయించాల్సిందే. ఆ గదిలో రెండు సీసాలు సిద్ధంగా ఉండాలి. ఒకటి ఫార్మలిన్‌తో, పాథాలజీకి. రెండోది ఉత్త సెలైన్‌తో, టీబీ జీన్ పరీక్షకు, కల్చర్‌కు. ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే క్రిములన్నీ అందులోనే చస్తాయి, కల్చర్‌లో ఇక ఏదీ పెరగదు, మళ్లీ గుచ్చాల్సిందే. ఈ ఒక్క మాట ముందే రేడియాలజిస్టుకు చెప్పి పెట్టుకుంటే రెండో సూది తప్పుతుంది.

నొప్పి ఒక ఎత్తు, పాము నొక్కుకుపోవడం ఒక ఎత్తు. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టుండటం, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మెట్లెక్కలేకపోవడం, మూత్రం బిగదీసుకుపోవడం, కూర్చునేచోట స్పర్శ తెలియకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఎమ్మారై జరగాలి, సోమవారం ఓపీ దాకా ఆగకూడదు. వైద్యం మొదలయ్యే వేళకు నడుస్తున్నవాళ్లు తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా చచ్చుబడి రెండు రోజులు దాటితే తిరిగి రావడం కష్టం.

వెంటనే మొదలయ్యే మందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, సాధారణంగా రోజుకు 16 మి.గ్రా. పొద్దున 8, మధ్యాహ్నం 8 ఇస్తే రాత్రి నిద్ర చెడదు. దాంతోపాటు కడుపు కాపాడే పాంటోప్రజోల్, రోజూ షుగరు పరీక్ష. రేడియేషన్ మొదలయ్యాక మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, మాత్రలు అయిపోయాయని ఒక్కసారిగా ఆపకూడదు. ఈ జబ్బువాళ్లలో ఇందుకు ఇంకో కారణం ఉంది. ముక్కు పైకప్పుకు పెట్టిన రేడియేషన్ పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథినీ తాకి ఉంటుంది. ఏళ్ల తర్వాత వాళ్లలో కార్టిసాల్ (ఒళ్లు తానే తయారుచేసుకునే స్టెరాయిడ్), థైరాయిడ్ తక్కువగా ఉండొచ్చు. డెక్సా మొదలుపెట్టక ముందే, రెండు నిమిషాల పనే కదా, కార్టిసాల్‌కు రక్తం తీసి పెట్టుకోవాలి. మొదలెట్టాక ఆ పరీక్షకు అర్థం ఉండదు.

మంచంమీద మనిషిని తిప్పే పద్ధతి ఇంట్లోవాళ్లకు ఎవరూ సరిగా చూపించరు. పూస నిలకడగా లేదని చెప్పినప్పుడు భుజం ఒక్కటే పట్టి లాగకూడదు, నడుము మెలిపడుతుంది. ముగ్గురు ఒకే పక్కన నిలబడాలి. ఒకరి చేతులు భుజం, వీపు దగ్గర. రెండోవారివి నడుము, తుంటి దగ్గర. మూడోవారివి తొడ, కాలి దగ్గర. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, తల దగ్గరున్నవారు ఒకటి, రెండు, మూడు అనగానే దుంగను దొర్లించినట్టు ఒక్క ముక్కగా తిప్పాలి. జబ్బు మెడ పూసల్లో ఉంటే తలను పట్టుకోవడానికే నాలుగో మనిషి కావాలి. స్పర్శ లేనివాళ్లను రెండు గంటలకోసారి తిప్పకపోతే తోక ఎముక మీద పుండు పడుతుంది, ఆ పుండు మానేదాకా కీమో ఆగిపోతుంది.

పూస నిలకడను లెక్కగట్టడానికి 2010లో వచ్చిన ఒక స్కోరు ఉంది, సిన్స్ అంటారు. జబ్బు ఏ పూసలో ఉంది, కదిలితే నొప్పా, ఎముక కరిగిందా గట్టిపడిందా, వరస తప్పిందా, ఎంత కుంగింది, వెనక కీళ్లు పోయాయా అని ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. 6 వరకు ఉంటే నిలకడ, 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లేదు, మధ్యలో ఉంటే స్పైన్ సర్జన్ చూడాలి. ఎంత రేడియేషన్ పెట్టినా విరిగిన ఎముక అప్పటికప్పుడు నిలబడదు, దానికి స్క్రూలు, రాడ్లే దిక్కు. 2005లో ల్యాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో ఒక్కచోట పాము నొక్కుకుపోయిన 101 మందిని చూశారు. ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 84 శాతం, రేడియేషన్ మాత్రమే ఇచ్చినవాళ్లలో 57 శాతం నడవగలిగారు. ఇప్పటి పద్ధతిలో గడ్డ మొత్తం తవ్వరు. పాముకూ గడ్డకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు చేసి, మిగిలినదాన్ని రేడియేషన్‌కు వదిలేస్తారు.

రేడియేషన్ డోసు విషయంలో బేరం ఉంది. నొప్పికి మాత్రమే అయితే ఒక్కసారి 8 గ్రే, లేదా ఐదు రోజుల్లో 20, పది రోజుల్లో 30. ఒకటి రెండు పూసల్లోనే ఉండి, గ్రేడు తక్కువై, మనిషి తిరుగుతూ ఉంటే ఇంత తక్కువతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి బతికే అవకాశం ఉంది, ఆ పూసలో మళ్లీ లేస్తే అప్పుడు చోటుండదు. గడ్డకే గురిపెట్టి రెండు సిట్టింగుల్లో 24 గ్రే ఇచ్చే స్టీరియోటాక్టిక్ పద్ధతి గురించి అడగాలి. దాంతో తర్వాత పూస కుంగే ప్రమాదం ఉందని కూడా తెలిసుండాలి. జబ్బు మెడ పూసల్లో ఉంటే పాత లెక్క బయటికి తీయాలి. మొదటిసారి మెడ లింఫు గ్రంథులకు రేడియేషన్ పెట్టి ఉంటే ఆ భాగంలో వెన్నుపాము ఇప్పటికే కొంత డోసు తిని ఉంటుంది. మామూలుగా పాము ఓర్చుకునేది 45 నుంచి 50 గ్రే. డిశ్చార్జి కాగితం మీద ‘60 గ్రే ఇచ్చాం’ అన్న ఒక్క ముక్క దీనికి చాలదు, ఏ భాగానికి ఎంత పడిందో చూపే పాత ప్లాన్ సీడీ కావాలి.

కీమోలో ఎక్కువగా వాడేది సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ జంట. 21 రోజులకోసారి, నాలుగు నుంచి ఆరు సార్లు. 160 సెం.మీ. ఎత్తు, 58 కిలోల మనిషి ఒంటి వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు సిస్‌ప్లాటిన్ 25 మి.గ్రా. చొప్పున రోజుకు 40 మి.గ్రా., ఎటోపోసైడ్ 100 చొప్పున 160 మి.గ్రా., మూడు రోజులు. ఆ 160 మి.గ్రా.ను 100 మి.లీ. సెలైన్‌లో కలిపితే మందు స్ఫటికాలై పేరుకుంటుంది. మి.లీ.కు 0.4 మి.గ్రా. దాటకూడదు కాబట్టి 500 మి.లీ. సీసాలోనే కలిపి గంటకు తగ్గకుండా ఎక్కించాలి, త్వరగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. సిస్‌ప్లాటిన్‌కు ముందూ వెనకా సెలైన్, అందులో పొటాషియం, మెగ్నీషియం. మూత్రం గంటకు సుమారు 100 మి.లీ. రావాలి. మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. కిడ్నీ ఓర్చుకోలేకపోతే కార్బోప్లాటిన్‌కు మారతారు.

కీమో రోజుల్లో సోడియం పడిపోతే వెంటనే నిర్ధారణకు రాకూడదు. ఈ గడ్డ కొందరిలో తానే ఒక హార్మోను వదిలి ఒంట్లో నీరు నిలిపేస్తుంది, దానివల్ల సోడియం పలుచబడుతుంది. దానికి తాగే నీరు తగ్గించాలి. సిస్‌ప్లాటిన్ వల్ల కిడ్నీలోంచి ఉప్పు కారిపోయినా సోడియం పడిపోతుంది. దానికి సెలైన్ ఎక్కించాలి. ఒకదాని వైద్యం రెండోదానికి హాని. మనిషి ఒంట్లో నీరు ఎండిందా, బీపీ నిలబడితే పడిపోతోందా అన్నది చూసి, మూత్రంలో సోడియం లెక్క చూసుకుని తేల్చాలి. ఇంకొకటి, జ్వరం. రెండో వారంలో తెల్లకణాలు అట్టడుగుకు చేరతాయి. 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. డెక్సా మీద ఉన్నవాళ్లకు జ్వరం పైకి కనిపించకపోవచ్చు, చలి, నీరసం వచ్చినా అదే లెక్క.

ఈ గడ్డ కణాల మీద సోమాటోస్టాటిన్ అనే హార్మోను అతుక్కునే తాళాల్లాంటి రిసెప్టర్లు తరచుగా ఎక్కువ. గ్యాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్‌లో ముక్కు, మెడ, పూసలు బాగా వెలిగితే, అదే తాళానికి పట్టే తాళంచెవికి, రేడియేషన్ వదిలే లుటీషియం-177 కట్టి పంపొచ్చు. మామూలు డోసు 200 మిల్లీక్యూరీలు, ఎనిమిది వారాలకోసారి, నాలుగు సార్లు. కిడ్నీ కాపాడుకోవడానికి లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల సెలైన్ అరగంట ముందే మొదలుపెట్టి నాలుగు గంటలు నడపాలి. ఇది పేగు, క్లోమాల న్యూరోఎండోక్రైన్ గడ్డలకు అనుమతి పొందిన మందు. ఈ జబ్బుకు పెద్ద పరీక్షలు జరగలేదు, కొద్దిమంది అనుభవం మీదే వాడుతున్నారు. ఆ మాట డాక్టరు ముందే చెప్పాలి. స్కాన్‌లో వెలగని పూసలకు ఇది పనిచేయదు.

ఎముకకు బలమిచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మి.గ్రా. పదిహేను నిమిషాల్లో ఎక్కిస్తారు. దానికి ముందు పంటి డాక్టరు చూడటం ఎవరికైనా మంచిదే, ఈ జబ్బువాళ్లకు మాత్రం తప్పనిసరి. రేడియేషన్ తిన్న పైదవడ మీద ఈ మందు పడ్డాక పన్ను పీకితే పుండు మానక ఎముక బయటపడుతుంది. పీకాల్సినవి ముందే పీకించి, చిగురు మానాకే మొదటి డోసు. సిస్‌ప్లాటిన్‌తో కలిసి ఇది కిడ్నీ మీద రెండో బరువు, ప్రతిసారీ క్రియాటినిన్ చూడాలి. క్యాల్షియం, డి విటమిన్ తక్కువగా ఉంటే ముందు సరిచేయాలి, లేకపోతే కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి.

నీటి దారిన వచ్చిన జబ్బుకు పైన చెప్పిన ఒకటి రెండు పూసల రేడియేషన్ చాలదు. మెదడు, వెన్ను మొత్తానికి కలిపి 36 గ్రే దాకా, రోజుకు 1.8 చొప్పున ఇరవై సిట్టింగులు. పూసల్లోని మూలుగంతా దెబ్బతిని ప్లేట్‌లెట్లు పడిపోతాయి, వారానికోసారి రక్తం చూడాలి. తర్వాత కీమోకో లుటీషియంకో ఎముకల్లో ఓపిక మిగలదు కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది అందరు డాక్టర్లూ ఒకచోట కూర్చుని తేల్చాలి. ముక్కు పైకప్పు, కంటి నరాలు ఇప్పటికే 54, 60 గ్రే తిన్నవి, ఆ భాగాన్ని తప్పించి ప్లాను గీయాలి. వెన్ను నీటిలోకి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు 12 మి.గ్రా. ఇవ్వడం పల్చటి పొరకే పనిచేస్తుంది, కంటికి కనిపించే గడ్డలోకి దిగదు. కొన్ని కీమో పద్ధతుల్లో వాడే విన్‌క్రిస్టిన్ పొరపాటున ఇదే దారిన వెళ్తే ప్రాణం పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి, వెన్ను మందు ఇచ్చే రోజుకు వేరే రోజున ఇవ్వాలి.

వెన్ను గొడవలో పడి ముక్కును మరవకూడదు. వెన్నుకు తిరిగొచ్చిందంటే ముక్కులో ఎండోస్కోపీ, మెడకు స్కాన్ మళ్లీ చేయాలి, మూలం అక్కడే మళ్లీ చిగురించి ఉండొచ్చు. వెళ్లేటప్పుడు సంచిలో ఇవి ఉండాలి: మొదటి ఆపరేషన్ స్లైడ్లు, బ్లాకులు, రేడియేషన్ ప్లాన్ సీడీ, ఇప్పటిదాకా ఎక్కిన సిస్‌ప్లాటిన్ మొత్తం లెక్క, స్కాన్‌ల సీడీలు. ఫిల్ములు తెచ్చి సీడీలు ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. ప్లాను గీసే కంప్యూటర్లోకి ఫిల్ము ఎక్కదు. బ్లాకులు ఇచ్చే ల్యాబు దగ్గర సంతకం పెట్టి, ఎన్ని ఇచ్చారో రాయించుకుని తీసుకోవాలి, ఎండకు పెట్టిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఉంచకండి. అది మైనం, కరిగిపోతుంది.